పిల్లి కంట్లో నీరు: డెల్టా ఊళ్ళవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు. పాలకొల్లు పక్కన కొబ్బరి తోటల మధ్య ఇల్లు, ఇంటి నిండా పిల్లులు, అంతే. అటు అమలాపురం నుంచి ఇటు భీమవరం దాకా తెలిసినవాళ్ళూ, వాళ్ళకు తెలిసినవాళ్ళూ పిల్లికి ఏదైనా వస్తే ఫోన్ చేస్తుంటారు. ఎక్కువగా అడిగేది కంటి గురించే. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసిపెడుతున్నాను. ఇందులో వైద్యం పశువైద్యులు నాకు నేర్పింది. తప్పులు మాత్రం నేను స్వయంగా చేసి తెలుసుకున్నవి.

పొద్దుటి నుంచి పిల్లికి ఒక కన్ను నీరు కారుతోంది. డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలా, ఒక రోజు చూడొచ్చా?

నీళ్ళ సంగతి వదిలేసి, కన్ను ఎంత తెరుస్తోందో చూడండి. నీరు కారడం జబ్బు కాదు, కంటికి ఏదో ఇబ్బందిగా ఉందని చెప్పే గుర్తు. అసలు విషయం రెప్పల దగ్గర తెలుస్తుంది. రెండు కళ్ళూ సమానంగా తెరిచి, వేళకు తిని, గోడ మీద కాకిని చూసి పళ్ళు టకటకలాడిస్తూ కూర్చుంటే, కారేది కూడా మంచినీళ్ళలా ఉంటే ఒక రోజు ఆగొచ్చు.

అదే కన్ను చిట్లిస్తున్నా, సగం మూసి ఉంచుతున్నా, వెలుతురు పడక మంచం కిందికి పోయి పడుకుంటున్నా అది నొప్పి. పిల్లి నొప్పిని దాచుకునే ప్రాణి. అరవదు, మూలగదు, కన్ను మూసుకుంటుంది, అంతే. అలాంటప్పుడు 24 గంటల లోపు డాక్టర్ చూడాలి.

కొన్నింటికి ఆ 24 గంటలు కూడా లేవు. నల్లగుడ్డు మీద నీలంగానో తెల్లగానో మసక కమ్మినా, ఒక కనుపాప పెద్దదీ ఒకటి చిన్నదీ అయినా, కంట్లో రక్తం కనిపించినా, గుడ్డు ముందుకు పొడుచుకొచ్చినా, సున్నమో పురుగుమందో పడినా ఉన్నపళంగా బయలుదేరండి. ఏదైనా గుచ్చుకుని కనిపిస్తే దాన్ని మీరు లాగకండి. లోపల ఎంత లోతుకు దిగిందో మనకు తెలియదు.

ఒక కన్నుకైతే ఒకటి, రెండు కళ్ళకూ అయితే ఇంకొకటి అంటారు. నిజమేనా?

చాలావరకు. ఒక కన్నే అయితే ముందు నలుసునో గోటి గాయాన్నో అనుమానించాలి. రాత్రి గండుపిల్లుల గొడవ వినబడి ఉంటే ఇక చెప్పేదేముంది. పిల్లి గోరు సూదిలా లోపలికి దిగుతుంది, పైకి గాయం కనబడదు. రెండు కళ్ళూ కారుతూ తుమ్ములు కూడా ఉంటే అది పిల్లుల జలుబు. అయితే జలుబు వైరస్ కూడా ఒక్కోసారి ఒక కంటితోనే మొదలవుతుంది. కాబట్టి దీన్ని పట్టుకుని మీరే తీర్పు ఇచ్చేసుకోకండి.

పుసి రంగును బట్టి ఏమైనా తెలుస్తుందా?

కొంత తెలుస్తుంది. నీళ్ళలా పల్చగా ఉంటే నలుసు, పొగ, లేదా వైరస్ మొదటి రోజులు. పచ్చగానో ఆకుపచ్చగానో చిక్కగా ఉంటే బ్యాక్టీరియా కూడా చేరిందని అర్థం. పొద్దున్నే కంటి మూలన కాస్త గోధుమరంగు గట్టి పుసి ఉండి, తుడిస్తే పోయి మళ్ళీ సాయంత్రం దాకా రాకపోతే అది మామూలే. లేత రంగు పిల్లులకి ముక్కు పక్కన ఎర్రటి చార కనిపిస్తే రక్తమని హడలిపోతారు. కన్నీటిలో పార్ఫిరిన్ అనే పదార్థం ఉంటుంది, గాలి తగిలితే ఎర్రబడుతుంది. రక్తం కాదు.

అసలు ఎందుకు వస్తుంది? మా పిల్లి ఇల్లు దాటదు కూడా.

ఇల్లు దాటకపోయినా వస్తుంది. ఎందుకంటే చాలా పిల్లుల్లో ఆ వైరస్ ముందే ఉంటుంది. పిల్లుల కళ్ళకలకలకి పెద్ద కారణం వాటి హెర్పిస్ వైరస్. కూనగా ఉన్నప్పుడు తల్లి నుంచో తోటి కూనల నుంచో అంటుకుంటుంది. జలుబు చేసి తగ్గిపోతుంది, మనం మరిచిపోతాం. వైరస్ మాత్రం పోదు. ముఖానికి వెళ్ళే నరంలో నక్కి జీవితాంతం ఉండిపోతుంది. పిల్లికి బెంగ పట్టినప్పుడు, ఇల్లు మారినప్పుడు, ఇంకో పిల్లి ఇంట్లోకి వచ్చినప్పుడు, వేరే జబ్బు చేసినప్పుడు మళ్ళీ పైకి వస్తుంది.

ఇది నాకు అర్థం కావడానికి మూడు సంక్రాంతులు పట్టింది. మా బూడిదరంగు పిల్లికి ఏటా పండగయ్యాక ఎడమ కన్ను నీరు కారేది. భోగి మంట పొగ అనుకునేదాన్నే, ఏటా పొగనే తిట్టుకునేదాన్ని. పొగ అయితే రెండు కళ్ళూ మండాలి, ఆ పూటకు పోవాలి కదా. దీనికి ఒక్క కన్నే, అదీ పండగైన వారానికి. అసలు కారణం ఇంట్లో దిగిన ఇరవై మంది చుట్టాలు, వాళ్ళ పిల్లలు. ఇప్పుడు భోగి ముందు రోజే దాన్ని మేడ మీద గదిలో పెట్టి, దాని గిన్నె, దాని గోనెపట్టా అక్కడే వేసి, తలుపు దగ్గరగా వేసేస్తాం. పోయిన రెండేళ్ళూ ఆ కన్ను నీరు కారలేదు.

హెర్పిస్ కాక క్లమిడియా, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాలు కూడా ఈ పని చేస్తాయి. క్లమిడియా వస్తే కంటి లోపలి పొర బాగా వాచి, ఎర్రగా ఉబ్బి కనిపిస్తుంది. కాలిసి వైరస్ అయితే నాలుక మీద పుండ్లు పడి తిండి మానేస్తుంది. ఎలా ఉన్నా, చూడగానే ఏదో చెప్పేయడం కష్టం.

మన ఊళ్ళలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. బయటివాళ్ళు రాసే సలహాల్లో ఇవి కనిపించవు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మొదటిది కోతలు. సార్వా నూర్పుళ్ళకీ, మళ్ళీ దాళ్వా నూర్పుళ్ళకీ రోడ్ల మీదే ధాన్యం ఆరబోస్తారు, మిషన్ల వెనక పొల్లు మేఘంలా లేస్తుంది. వరి గింజ కొన ముల్లు, ఊక పొట్టు సన్నగా, గరుకుగా ఉంటాయి. మూడో రెప్ప వెనక దూరితే బయటికి రావు. పిల్లికి కంటి లోపలి మూల నుంచి అడ్డంగా వచ్చే తెల్లటి పొర ఉంటుంది, అదే మూడో రెప్ప. దాని వెనక ఊక ముక్క చిక్కితే కన్ను కొట్టిన ప్రతిసారీ నల్లగుడ్డును గీరుతుంది. గడ్డివాముల్లో ఎలకల కోసం తిరిగే పిల్లికి, రైసు మిల్లుల దగ్గరి పిల్లికి ఇది మామూలు. కడిగితే వచ్చినా సరే, గీత పడిందేమో చూపించాలి. కోత అయ్యాక చేలో గడ్డి తగలబెట్టే పొగ ఇంకో బాధ.

రెండోది చెరువులు. చేపల చెరువులకీ రొయ్యల చెరువులకీ సున్నం చల్లుతారు, బ్లీచింగ్ వేస్తారు. ఆ బస్తాలు గట్టు మీద పాకలో ఉంటాయి. చేప వాసనకి పిల్లులూ అక్కడే ఉంటాయి. కంట్లో సున్నం పడటం నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదం. దీనికి విడిగా కింద రాశాను.

కొబ్బరి డొక్కల పీచు ధూళి, వంటింట్లో ఎండుమిరపకాయల పోపు ఘాటు, రాత్రంతా వెలిగే దోమల చుట్ట, సాంబ్రాణి, ఇవన్నీ చిన్నవే కానీ రోజూ ఉండేవి. దోమల చుట్ట పెట్టిన గదిలో పిల్లిని పడుకోబెట్టకండి. దోమతెర కట్టుకోండి, మీకూ మంచిది.

ఇక జిల్లేడు. గట్ల మీద ఎక్కడపడితే అక్కడ ఉంటుంది. వినాయకచవితి పత్రికీ రథసప్తమికీ తెంచి ఇంట్లోకి తెస్తాం. తుంచిన చోట కారే పాలు కంట్లో పడితే నల్లగుడ్డు ఉబ్బి మసకబారిపోతుంది. మనుషులకైనా అంతే. పత్రి బుట్టలో పిల్లులు ఆడుకుంటాయి, చూసుకోండి.

కంట్లో సున్నమో బ్లీచింగో పడింది. ఏం చేయాలి?

ముందు కడగండి, తర్వాతే ఫోను. కుళాయి నీళ్ళో, తాగే క్యాన్ నీళ్ళో, ఏవి చేతికందితే అవి. పిల్లిని తువ్వాలులో చుట్టి, తల పక్కకి వంచి, మగ్గుతో ధారగా, మెల్లగా, కనీసం 15 నిమిషాలు పొయ్యాలి. 15 నిమిషాలంటే గడియారం చూసి. చేసేవాళ్ళకి గంటలా ఉంటుంది. రక్కుతుంది, అరుస్తుంది, వదలకండి. రెప్పల మధ్య సున్నం పలుకులు కనిపిస్తే తడి దూదితో తీసేయండి. సున్నానికి విరుగుడని నిమ్మరసమో చింతపండు పులుసో పోసేవాళ్ళని విన్నాను. దయచేసి వద్దు, కన్ను ఇంకా కాలుతుంది. కడిగాక వెంటనే ఆసుపత్రికి. సున్నం పైన కాల్చి ఊరుకోదు, లోపలికి తొలుచుకుపోతూ ఉంటుంది.

నొప్పి లేదు, పుసులు కడుతున్నాయి. ఇంట్లో ఎలా శుభ్రం చేయాలి?

మెడికల్ షాపులో సెలైన్ సీసా అడగండి, చిన్నది చాలు. మీద 0.9 శాతం సోడియం క్లోరైడ్ అని ఉండాలి. ఎన్.ఎస్. అంటారు. డి.ఎన్.ఎస్. ఇస్తే తీసుకోకండి, అందులో గ్లూకోజ్ ఉంటుంది. షాపు దూరమైతే అరలీటరు నీళ్ళు మరిగించి, చల్లార్చి, అందులో టీస్పూను మట్టంగా కొట్టిన ఉప్పు కంటే కొంచెం తక్కువ కలపండి. ఏ రోజుది ఆ రోజే, మిగిలితే పారబోయండి.

దూది తడిపి, మూసిన కన్ను మీద అర నిమిషం ఉంచండి. పుసి నానుతుంది. అప్పుడు ముక్కు వైపు నుంచి చెవి వైపు ఒక్కసారి తుడవండి. ఆ దూది అవతల పారేసి ఇంకోటి తీసుకోండి. ఒక కంటికి వాడింది రెండో కంటికి పనికిరాదు. ఎండిపోయిన పుసిని గోటితో గిల్లకండి, కింద చర్మం పుండవుతుంది. రోజుకు రెండు మూడు సార్లు చాలు. డాక్టర్ని చూసేలోపు ఏదైనా చుక్క వేయాలనిపిస్తే కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ అని రాసి ఉన్న మామూలు కన్నీటి చుక్కలు వేయొచ్చు. అందులో ఇంకే మందూ కలిసి ఉండకూడదు.

మా అమ్మమ్మ తల్లిపాలు పిండమంటోంది, పక్కింటావిడ నందివర్ధనం పువ్వు అంటోంది. వేయొచ్చా?

అమ్మమ్మతో గొడవ పడకండి, కానీ వేయకండి. పాలు ఏవైనా కంట్లో మిగిలిపోతే పులుస్తాయి, ఉన్న సూక్ష్మజీవులకి భోజనం పెట్టినట్టే. నందివర్ధనం తుంచితే పాలు కారతాయి, అవి కంటికి మంట. ఆముదం, తేనె, పసుపు నీళ్ళు, చల్లారిన టీ డికాక్షన్, కాటుక, వీటిలో ఏదీ పొయ్యి మీద కాచి వడకట్టినా శుద్ధమైనది కాదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు మరీ పట్టుబడితే ఆ పువ్వులు మూసిన రెప్పల మీద పెట్టుకోమని వాళ్ళకే ఇస్తాను. అందరికీ శాంతి.

జండూబామ్, అమృతాంజనం, కర్పూరం, నీలగిరి తైలం మాత్రం పిల్లి దరిదాపులకి కూడా రానివ్వకండి. జలుబు చేసింది కదా అని ముక్కు దగ్గర రాసేవాళ్ళున్నారు. కళ్ళు మండటం అలా ఉంచండి, నాకితే విషం.

మెడికల్ షాపులో మనుషుల చుక్కల మందు ఇచ్చారు. వాడొచ్చా?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చదివి మిగతా పేజీ వదిలేసినా నాకు పర్వాలేదు.

నల్లోడని మాకొక పిల్లి ఉండేది. కన్ను చిట్లిస్తోందని, ఆదివారం కాబట్టి, ఒక మందుల షాపుకి వెళ్ళి కళ్ళకలక చుక్కలు అడిగి తెచ్చాను. పిల్లికని కూడా చెప్పలేదు. వేసిన మర్నాటికి ఎరుపు తగ్గింది, కన్ను తెరిచాడు. ఎంత సంబరపడ్డానో. మూడో రోజుకి నల్లగుడ్డు మధ్యలో గుంట పడి నీలంగా అయింది. తర్వాత నెలన్నర వైద్యం. కన్ను దక్కింది, చూపు సగమే దక్కింది. ఆ సీసాలో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథాసోన్ ఉంది. అది స్టెరాయిడ్. నల్లోడికి ఉన్నది గోటి గీత. స్టెరాయిడ్ వాపునీ ఎరుపునీ తగ్గిస్తుంది కాబట్టి బాగైనట్టే కనిపిస్తుంది. కింద గీత మానకుండా అడ్డుపడి, పుండును లోతు చేస్తుంది. హెర్పిస్ ఉన్న కన్నుకైతే వైరస్‌కి తలుపు తీసినట్టే.

కాబట్టి సీసా మీద డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథాసోన్, ఫ్లోరోమెథోలోన్, లోటెప్రెడ్నాల్ అని ఉంటే ఇంట్లోంచి తీసేయండి. మందు పేరు చివర డి అనో డిఎక్స్ అనో తోక ఉంటే అనుమానించి చిన్న అక్షరాలు చదవండి. కీటొరొలాక్ ఉన్న నొప్పి చుక్కలు కూడా పుండును మాననివ్వవు. ఎరుపు పోగొట్టే నాఫజొలిన్ చుక్కలు పిల్లి ఒంట్లోకి వెళితే విషం. తిమ్మిరెక్కించే చుక్కలు డాక్టర్ పరీక్షకే తప్ప ఇంటికి కాదు.

మనుషుల యాంటీబయాటిక్ చుక్కల్లో కొన్నింటిని పశువైద్యులూ రాస్తారు, టోబ్రామైసిన్ లాంటివి. అది వాళ్ళు కన్ను చూశాక రాసేది. పోయినసారి మిగిలిన సీసా, తెరిచి నెల దాటితే, ఏ మందైనా పనికిరాదు.

నొప్పికి పారాసిటమాల్ కొంచెం ఇవ్వొచ్చా? పిల్లలకిచ్చే సిరప్?

వద్దు. పిల్లి ఒంట్లో దాన్ని విరిచే శక్తి లేదు. ఒక్క మాత్రతో పిల్లి చచ్చిపోగలదు. చిగుళ్ళు గోధుమరంగుకి తిరిగి, ముఖం వాచి, ఊపిరాడదు. సిరప్ అయినా అంతే. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే కన్ను సంగతి పక్కన పెట్టి ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి.

డాక్టర్ దగ్గర ఏం చేస్తారు? మా ఊరి పశువుల ఆసుపత్రిలో గేదెలే కనిపిస్తాయి.

గేదెల డాక్టర్ కూడా చదివింది అన్ని జంతువుల వైద్యమే. మొహమాటపడకుండా తీసుకెళ్ళండి. ఒక్క సంగతి మాత్రం అడగండి: ఫ్లోరెసిన్ కాగితం ఉందా అని. నారింజరంగు కాగితపు పుల్ల అది. తడిపి కంటికి తాకిస్తే రంగు నీళ్ళలో కరుగుతుంది. నల్లగుడ్డు మీద గీత గానీ పుండు గానీ ఉంటే అక్కడ మాత్రమే అంటుకుని, నీలం వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తుంది. రెండు నిమిషాల పని. ఏ చుక్క వేయాలో, ఏది వేయకూడదో దీంతోనే తేలుతుంది. ఆ రంగు కాసేపటికి ముక్కులోంచి వస్తే కన్నీటి దారి తెరుచుకునే ఉందని కూడా తెలుస్తుంది. కన్నీరు ఎంత ఊరుతోందో కొలిచే కాగితం ఇంకొకటి ఉంటుంది. కంటి లోపలి ఒత్తిడి చూసే మిషన్ పట్టణాల్లోని కొన్ని క్లినిక్కుల్లోనే ఉంటుంది.

కుక్కలు, పిల్లులు చూసే క్లినిక్కులు కాకినాడ, రాజమండ్రి, భీమవరం వైపు చూసుకోండి. మరీ క్లిష్టమైతే ఏలూరు దాటి విజయవాడ దారిలో గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. కదిలే పశువైద్య వాహనాల టోల్ ఫ్రీ నంబరు 1962. ఆవులకీ గేదెలకీ పెట్టిందే అయినా పిల్లికని చెప్పి అడగడంలో తప్పులేదు.

పశువులకి మామూలుగా వాడే ఎన్రోఫ్లాక్ససిన్ రాస్తే డోసు పిల్లికి సరిపడేదేనా అని మర్యాదగానే అడగండి. పిల్లికి మోతాదు మించితే ఆ మందు చూపునే తీసేస్తుంది.

చుక్కలు వేయనివ్వడం లేదు. ఇద్దరం పట్టుకున్నా రక్కేస్తోంది.

ఎదురుగా కూర్చుని వేస్తున్నారు కదూ? పిల్లికి ఎదురుగా సీసా పట్టుకుని వచ్చే చెయ్యి గద్దలా కనిపిస్తుంది. వెనక నుంచి రావాలి.

పాత లుంగీ గానీ తువ్వాలు గానీ పరిచి, పిల్లిని మధ్యలో పెట్టి, నాలుగు కాళ్ళూ లోపలికి పోయేలా పూతరేకు చుట్టినట్టు చుట్టండి. తల మాత్రం బయట. బల్ల మీదో అరుగు మీదో పెట్టి, దాని వీపు మీ పొట్టకి ఆనేలా వెనక నిలబడండి. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు దవడ కింద పెట్టి ముఖం పైకెత్తండి. కుడిచేతి చిటికెన వేలు నుదుటి మీద ఆనించి, ఆ చేత్తోనే పై రెప్పను కొంచెం వెనక్కి లాగి, పైనుంచి ఒక్క చుక్క వదలండి. ఒక్కటే. కంట్లో అంతకంటే పట్టదు, రెండోది చెంప మీదికే పోతుంది. సీసా మూతి కంటికీ బొచ్చుకీ తగలకూడదు.

రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. చుక్కలు ముందు, పూత మందు ఆఖర్న. ఫ్రిజ్‌లోంచి తీసిన మందును గుప్పిట్లో కాసేపు పట్టుకోండి, చల్లటి చుక్క పడితే రేపట్నుంచి మిమ్మల్ని చూస్తేనే పారిపోతుంది. అయిపోగానే ఎండు రొయ్య ఒకటి, ఉప్పు లేనిది. మా ఇంట్లో ఇప్పుడు సీసా మూత చప్పుడు వింటే రొయ్య కోసం పరుగెత్తుకొస్తాయి.

మెడకి కోన్ కట్టాలా? జాలేస్తోంది.

కట్టాలి. కోన్ అంటే కన్ను రుద్దుకోకుండా మెడ చుట్టూ కట్టే గరాటు. పిల్లి పంజాతో కన్ను రుద్దుకుంటే ఒక్క రాత్రిలో చిన్న గీత పెద్ద పుండవుతుంది. కోన్ దొరకకపోతే పాత ఎక్స్‌రే ఫిల్మును గరాటులా చుట్టి, అంచులకి టేపు వేసి, మెడ దగ్గర గుడ్డ చుట్టి కట్టండి. మెడకీ దానికీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. అంచు ముక్కు కంటే ముందుకి ఉండాలి. మొదటి పూట గోడలకి గుద్దుకుంటూ వెనక్కి నడుస్తుంది, రెండో రోజుకి అలవాటు పడుతుంది. గిన్నె కింద ఇటుక పెట్టి ఎత్తు చేస్తే తింటుంది.

పుట్టిన కూనల కళ్ళు అతుక్కుపోయి ఉబ్బి ఉన్నాయి.

పిల్లి కూనలు కళ్ళు తెరిచేది 7 నుంచి 14 రోజుల మధ్య. ఆలోపే రెప్ప ఉబ్బెత్తుగా కనిపిస్తే లోపల చీము చేరింది. డాక్టర్ తెరిచి కడగాలి, ఆలస్యం చేస్తే గుడ్డు కరిగిపోతుంది. ఒకసారి తెరుచుకున్నాక మళ్ళీ అతుక్కుంటే పైన చెప్పినట్టు గోరువెచ్చటి సెలైన్ దూదితో నానబెట్టి తీయండి. బలవంతంగా చీల్చకండి. రెండు మూడు కూనలకి ఒకేసారి వచ్చిందంటే మిగతా వాటికీ వస్తుంది. కూన పాలు తాగడం తగ్గిస్తే కన్ను కంటే అది ముఖ్యం. ముక్కు బిగుసుకుంటే వాసన తెలియక తాగవు.

మా పెర్షియన్ పిల్లికి ఎప్పుడూ నీరే. ఏ మందు వేసినా తగ్గదు.

మందుతో తగ్గేది కాకపోవచ్చు. చప్పిడి ముక్కు వల్ల కన్నీరు ముక్కులోకి దిగే గొట్టం వంకరపోతుంది. నీరు దారి లేక చెంప మీదికి పొంగుతుంది. రోజూ తుడిచి, ముఖం మడతలు పొడిగా ఉంచడమే దానికి వైద్యం. మన ఉక్కకి ఆ మడతల్లో చర్మం పాచిపోతుంది. అయితే ఎప్పుడూ ఉండేదే కదా అని అలవాటు పడిపోకండి. పెర్షియన్లకి నల్లగుడ్డు మీద నల్లటి మచ్చలా ఒక పొర చచ్చి గట్టిపడే జబ్బు వస్తుంటుంది. ఆ మచ్చ కనిపించినా, కన్ను చిట్లించినా చూపించాలి. కొన్నిసార్లు ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది.

మనుషులకి అంటుకుంటుందా? లేక మా కళ్ళకలకే దానికి అంటిందా?

2023 వానాకాలంలో ఇల్లిల్లూ కళ్ళకలకలతో ఎర్రబడినప్పుడు ఈ ప్రశ్న తెగ వచ్చింది. మనకి వచ్చే వైరస్ వేరు, పిల్లుల హెర్పిస్ వేరు. అటుదిటు ఇటుదటు అంటవు. క్లమిడియా మాత్రం అరుదుగా మనిషికి రావచ్చు. మందు వేశాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే మాత్రం గిన్నెలు, పడక వేరు చేయండి. దానికి తేలిగ్గా అంటుకోవచ్చు.

లైసిన్ పొడి తెప్పించమంటారా?

నేనూ ఒకప్పుడు తెప్పించాను. హెర్పిస్‌కి పనిచేయదని 2015లో వచ్చిన పరిశోధనల సమీక్ష తేల్చింది. ఆ డబ్బుకి మంచి చేప వస్తుంది. ఉడికించి పెట్టండి.

ఎన్నాళ్ళకి తగ్గుతుంది? కన్ను బాగైందిగా, మందు ఆపేయొచ్చా?

పైపై గీతయితే వారం లోపు మానుతుంది. వారం దాటినా మానలేదంటే కింద ఇంకేదో ఉంది, మళ్ళీ చూపించాలి. మూడు రోజులకి కొంచెమైనా తేడా లేకపోయినా అంతే. జలుబు వైరస్ రెండు మూడు వారాలు పడుతుంది. క్లమిడియాకి డాక్సీసైక్లిన్ రాస్తారు, అది కన్ను తేటపడ్డాక కూడా వారాల తరబడి వేయాలి. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది. ఆ మాత్రను ఒట్టిగా మింగించకండి. గొంతులో ఇరుక్కుంటే పుండుపడి గొట్టం సన్నబడిపోతుంది. మాత్ర వెనకే సిరంజితో కాసిని నీళ్ళో, ఒక ముద్ద తిండో పోవాలి.

తగ్గింది కానీ నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ మిగిలింది. చూపు పోయినట్టేనా?

పువ్వు వేసిందంటారు మనవాళ్ళు. పుండు మానిన మచ్చ అది. చిన్నదైతే నెలల మీద పల్చబడుతుంది, పిల్లికి పెద్ద ఇబ్బంది ఉండదు. పువ్వు కరిగించే మందులని ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

టీకా వేయిస్తే రాదా?

వచ్చినా తేలిగ్గా పోతుంది. హెర్పిస్, కాలిసితో కలిపి మూడు జబ్బులకి వేసే టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు దాటేదాకా వేస్తారు, ఏడాదికి మళ్ళీ ఒకటి. యాంటీ రేబిస్ వేరే, అదీ తప్పనిసరి.

చేపల మార్కెట్ దగ్గరి వీధి పిల్లి. పట్టుకుందామంటే దొరకదు.

పట్టుకోవడానికి ఎగబడకండి. రోజూ ఒకే వేళకి, ఒకే చోట తిండి పెట్టండి. నాలుగైదు రోజులకి బోనులోనో బుట్టలోనో పెట్టిన తిండికి వస్తుంది. నొప్పితో ఉన్న పిల్లి మంచిదైనా కరుస్తుంది. కరిచినా రక్కినా సబ్బు, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోండి. పసుపు అద్ది ఊరుకోకండి.

మాది లంక. వరదొస్తే రేవు దాటలేం. అప్పుడేం చేయాలి?

2022 జూలై వరదలో ఇదే జరిగింది. ఒకావిడ మూడు రోజులు పడవ కోసం చూస్తూ, పిల్లిని అటక మీద పెట్టుకుని ఫోన్ చేశారు. జూన్ నెలాఖరుకే ఇంట్లో రెండు సెలైన్ సీసాలు, దూది, కోన్, కన్నీటి చుక్కలు ఉంచుకోండి. కన్ను ఫోటో పగటి వెలుతురులో తీయండి, ఫ్లాష్ వద్దు. ఒకటి ముఖమంతా కనిపించేలా, ఒకటి కన్ను దగ్గరగా, రెండు కళ్ళకీ. డాక్టర్‌కి వాట్సాప్‌లో పంపితే ఆగొచ్చో ఆగకూడదో చాలావరకు చెబుతారు. రెండు మూడు గంటలకోసారి సెలైన్‌తో కడుగుతూ, కోన్ తీయకుండా, చీకటిగా ఉన్న మూలన ఉంచండి. రేవు దాటించే పంటు (పెద్ద పడవ) తిరగడం మొదలవగానే మొదటి పంటుకే ఎక్కించండి. బుట్ట మీద తడిగుడ్డ కాదు, పొడిగుడ్డ కప్పండి, గోదావరి మీద గాలి కంటికి కొడుతుంది.